ఇంటి బాస

భారతీదేవి మనవరాలితో మాట్లాడడం మానేసి ఏడాది దాటిపోయింది. కోపం వచ్చి మానింది కాదు. డాక్టరు మానమన్నాడని మానింది.

ఒడిశాలోని బరంపురం బడాబజారులో వాళ్లది అపరాల హోల్‌సేల్ కొట్టు. కింద కొట్టు, మేడ మీద కాపురం. పెళ్లయి సోంపేట నుంచి ఈ ఇంట్లో కాలుపెట్టిన నాటికి ఆమెకు ఒడియా ఒక్క ముక్క రాదు. భర్త పక్కన కొట్టులో నిలబడి, బస్తాలు దించే కూలీలతోనూ, పల్లెల నుంచి సరుక్కి వచ్చే చిల్లర వర్తకులతోనూ మాట్లాడి మాట్లాడి నేర్చుకుంది. అందుకని ఆమెది బేరాల ఒడియా. పెసలు పాతవా కొత్తవా, పురుగు పట్టిందా లేదా, తూకం సరిపోయిందా అనే విషయాలైతే ఆ భాషలో పొద్దుపోయేదాకా వాదించగలదు. పసిపిల్లను ఒళ్లో వేసుకుని ఆ భాషలో ఏమనాలో మాత్రం ఆమెకు తెలియదు.

కొడుకు హేమచంద్రకు ఒక్కతే కూతురు, సౌందర్య. మూడేళ్లు నిండినా పిల్లకు మాట రాలేదు. పిలిస్తే తల తిప్పి చూడదు. కొట్టు ముందు లారీ హారను మోగితే రెండు చెవులూ మూసుకుని నేల మీద పడి దొర్లుతుంది. అదే పిల్లను మూతి విప్పిన పెసల బస్తా దగ్గర కూర్చోబెడితే, మోచేతులదాకా లోపలికి దూర్చి, గింజలు వేళ్ల సందుల్లోంచి జారుతుంటే చూసుకుంటూ ఎంతసేపైనా ఉండిపోతుంది. కొడుకూ కోడలూ పిల్లను భువనేశ్వర్ తీసుకెళ్లి ఒక డాక్టరుకు చూపించారు. ఆయన అది ఆటిజం అన్నాడు. రోగం కాదనీ, పిల్ల తీరే అదనీ, ఓపిగ్గా నేర్పితే నేర్చుకుంటుందనీ నెమ్మదిగానే చెప్పాడు. తీరా వీళ్లు లేచి గుమ్మందాకా వచ్చాక, "ఇంట్లో ఒక్కటే భాష వాడండి. రేపు బడి ఒడియాలోనే కదా. రెండు భాషలు కలిపితే పిల్ల తికమకపడి అసలు మాట్లాడదు" అన్నాడు.

కోడలు లక్ష్మీదుర్గ రైల్వే ఉద్యోగి కూతురు. బరంపురంలోనే పుట్టి, ఒడియా బడిలో చదివి, పెళ్లికి ముందు ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పింది. ఆమెకు రెండు భాషలూ రెండు చేతుల్లాంటివి. ఇంటికి రాగానే అత్తగారి దగ్గర కూర్చుంది.

"ఏటనుకోకండత్తయ్యా. ఇయాల్టి నుంచి పిల్లతో తెలుగు మాటాడొద్దు. మనం మనం మాటాడుకుంటే పరవాలేదు. దాంతో మటుకు ఒడియాలోనే."

"సరేనమ్మా. పిల్లకి మాటొస్తే సాలు" అంది భారతీదేవి.

మొదట్లో నోరు జారేది. "రా తల్లీ" అనేది అలవాటు కొద్దీ. వంటింట్లోంచి "అత్తయ్యా!" అని వినిపించేది. ఆ ఒక్క మాటే. అంతకు మించి కోడలు ఎన్నడూ గట్టిగా అన్నది లేదు. భారతీదేవి సర్దుకుని "ఆస, ఖాఇబు" అనేది. అంటుంటే తన మనవరాలిని కాదు, కొట్టుకు వచ్చినవాళ్ల పిల్లనెవరినో అన్నానికి పిలిచినట్టు ఉండేది. రానురాను ఆ మాటా మానేసింది. నోటితో చేయాల్సిన పనులన్నీ చేతులతో చేసుకుపోయింది. పిల్ల కుండ వైపు ఓరగా చూస్తే గ్లాసు నోటి దగ్గరికి వచ్చేది. కాళ్లు విదిల్చుకుంటే చెప్పులు ఊడేవి. కన్ను నలిపితే పక్క పరిచి ఉండేది. సౌందర్య ఆమెను అంటిపెట్టుకుని తిరిగేది. చూసినవాళ్లంతా "ఆ ముసలమ్మకీ ఆ పిల్లకీ మాటలక్కర్లేదమ్మా" అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు భారతీదేవికి గుండెలో ముల్లులా గుచ్చుకునేది.

లక్ష్మీదుర్గ మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగింది. మాటలు నేర్పేవారు ఒక పేటలో, ఆటలు ఆడించేవారు ఇంకో పేటలో, డాక్టరు భువనేశ్వర్‌లో. ఒకరు పాలు, గోధుమలు మానిపించమంటారు. ఇంకొకరు అన్నీ పెట్టమంటారు. ఒకరు కుర్చీలో కదలకుండా కూర్చోవడం నేర్పాలంటారు, మరొకరు గెంతనివ్వండి, గెంతితేనే మంచిదంటారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలియదు. రైలు దిగి, ఆటో ఎక్కి, పిల్లను ఈడ్చుకుంటూ ఇంటికి చేరేసరికి ఆమె మొహంలో నెత్తురు చుక్క ఉండేది కాదు. స్కూలు ఉద్యోగం ఎప్పుడో వదిలేసింది. నవ్వడం ఎప్పుడు వదిలేసిందో ఎవరూ గమనించలేదు.

అలాంటి రోజుల్లో, గోసాని నువాగాంలో ఆటిజం పిల్లల కోసం కొత్తగా ఒక కేంద్రం తెరిచారని హేమచంద్రకు కొట్టులో ఎవరో చెప్పారు. మాట నేర్పేవారు, ఒంటి కదలికలు దిద్దేవారు, ఇంట్లోవాళ్లతో మాట్లాడి వాళ్ల బాగోగులు చూసేవారు, వారానికోసారి పిల్లల డాక్టరు, అందరూ ఒకే కప్పు కింద ఉంటారట. ఫోను చేస్తే అవతలి గొంతు ఒక వింత ప్రశ్న అడిగింది. "ఇంట్లో పాపతో ఎక్కువసేపు ఉండేది ఎవరు? వాళ్లని కూడా తీసుకురండి."

"నానెందుకురా? నానేటి సెప్తాను అక్కడ?" అంది భారతీదేవి. కానీ వెళ్లింది.

అది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. హాల్లో దూలానికి ఉయ్యాల, గోడ పక్కన మెత్తటి పరుపులు, ఒక మూల ఇసుక తొట్టి. మొదటి రోజుల్లో వాళ్లు ఏమీ నేర్పలేదు. పిల్ల ఏం ముట్టుకుంటుంది, దేనికి జడుస్తుంది, ఎవరి వెనక నక్కుతుంది అని చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత ఒక ఉదయం అందరూ ఒకే బల్ల చుట్టూ చేరారు. మాటలు నేర్పే సస్మిత, ఒంటి కదలికలు చూసే పద్మిని, కుటుంబాలతో మాట్లాడే ప్రమోద ఒక వైపు, ఈ ఇంటి ముగ్గురూ ఇంకో వైపు. సౌందర్య బల్ల కింద భారతీదేవి పాదాల మీద కూర్చుని ఉంది.

సస్మిత ఒడియా అమ్మాయి. తెలుగు వచ్చీ రానట్టు మాట్లాడుతుంది. ఆమె భారతీదేవి వైపు తిరిగి, ఒడియాలో పిన్నీ అని పిలుస్తూ అడిగింది. "మావుసీ, మీరు పాపతో ఏమేం మాట్లాడతారు?"

భారతీదేవి కోడలి వైపు చూసింది. తర్వాత తన చేతుల వైపు చూసుకుంది.

"ఏటీ మాటాడనమ్మా."

"ఏమీనా?"

"తెలుగు మాటాడొద్దన్నారు కదా. నా ఒడియా కొట్టువరకే. అందుకని ఊరుకున్నాను."

ఎవరు వద్దన్నారని సస్మిత అడిగితే, భువనేశ్వర్ డాక్టరు చెప్పిన మాట లక్ష్మీదుర్గ చెప్పింది. సస్మిత అందరికీ అర్థం కావాలని నిదానంగా ఒడియాలో చెప్పింది.

"ఒకప్పుడు చాలామంది అలాగే చెప్పేవారు. ఇప్పటికీ కొందరు చెబుతున్నారు. కానీ రెండు భాషలు వినడం వల్ల ఇలాంటి పిల్లలకు మాట వెనకబడుతుందనడానికి ఆధారం ఏమీ లేదు. ఎవరికి ఏ భాష మనసులోంచి వస్తుందో వాళ్లు ఆ భాషలోనే మాట్లాడాలి. మావుసీ తెలుగులోనే మాట్లాడాలి. మీకు రెండూ వచ్చు కాబట్టి మీరు రెండూ మాట్లాడండి."

లక్ష్మీదుర్గ మొహం ఒక్కసారిగా పాలిపోయింది. కుర్చీ వెనక్కి నెట్టి లేచి నిలబడింది.

"అయితే ఇన్నాళ్లూ మా అత్తయ్య నోరు నానే నొక్కీసినట్టా? పిల్లకి మాట రాకుండా సేసింది నానేనా? సెప్పండి, నానేనా?"

ప్రమోద బరంపురం తెలుగు పిల్లే. లేచి వచ్చి ఆమె పక్కన నిలబడింది. "కాదు దుర్గక్కా. ఆటిజం ఎవరో ఏదో సేస్తే ఒచ్చింది కాదు. మీరు డాక్టరు సెప్పిన మాట ఇన్నారు. ఏ తల్లైనా ఇంటాది."

ఆ మాటలేవీ లక్ష్మీదుర్గకు చెవికెక్కలేదు. ఆమె అత్తగారి వైపే చూస్తోంది.

ఇలాంటి రోజు ఒకటి వస్తే ఏమనాలో భారతీదేవి ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఎన్నోసార్లు అనుకుంది. ఆ మాటలన్నీ ఇప్పుడు నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. కానీ బల్ల మీద ఆనించిన కోడలి చెయ్యి కనిపించింది. గోళ్లన్నీ చివరంటా కొరికి ఉన్నాయి. ఆ చేతిని లాగి తన చేతిలోకి తీసుకుంది.

"కూకో దుర్గా. నువ్వు ఒద్దంటే నాను మానీసేనంటే, నువ్వు కోడలివని బయపడి కాదు. నాకూ దానికి మాటొస్తే సాలనే. ఇద్దరం కలిసే సేసేం. ఇప్పుడు ఇద్దరం కలిసే మారుద్దాం. ముందు నువ్వు కూకో."

లక్ష్మీదుర్గ కూర్చుంది. బల్ల మీద తల వాల్చి చాలాసేపు ఏడ్చింది. ఎవరూ ఆమెను ఊరుకోమనలేదు.

ఆ సాయంత్రం భారతీదేవి పిల్లను తీసుకుని డాబా మీదికి వెళ్లింది. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు. నోరు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. ఏడాదిగా వాడని బావిలా ఉంది గొంతు. "అమ్మీ" అని మాత్రం అని ఊరుకుంది. మర్నాడు పొద్దున్న మాత్రం గట్టు తెగింది. పిల్లకు స్నానం చేయిస్తూ మొదలుపెట్టి సోంపేట ఇల్లు, సముద్రపు గాలి, చిన్నప్పుడు తమ్ముడితో పడ్డ తగువులు, పోయిన తాతయ్య కొట్టు పెట్టిన వైనం, దాచుకున్నదంతా ఏకబిగిని చెప్పుకుపోయింది. సౌందర్య తడి ఒంటితోనే చెవులు మూసుకుని మంచం కిందికి దూరిపోయింది.

భారతీదేవి తువ్వాలు పట్టుకుని మంచం పక్కన చతికిలబడింది. 'నా మాట దానికి గిట్టదేమో' అనుకుంది. అంతకు ముందు మౌనంగా ఉన్నప్పుడు కూడా ఇంత బాధ పడలేదు.

మరుసటిసారి కేంద్రానికి వెళ్లినప్పుడు, సస్మిత వాళ్లిద్దరినీ గదిలో ఆడుకోమని తానొక మూల కూర్చుని చూసింది. చివర్లో నవ్వుతూ దగ్గరికి వచ్చింది.

"మావుసీ, రెండు సంగతులు. మీరు మాట్లాడితే వాన కురిసినట్టు కురుస్తున్నారు. చిన్న మాట చాలు. 'నీళ్లు', 'రా', 'పైకి', అంతే. ఇంకోటి, పాప అడగక ముందే మీరు ఇచ్చేస్తున్నారు."

"అడగడం రాని పిల్ల కదమ్మా. నాను ఇవ్వకపోతే ఎవరిస్తారు?"

"మీరే ఇవ్వండి. కాకపోతే కొంచెం ఆగండి. మీ మొహం వైపు చూసేదాకా, చెయ్యి చాపేదాకా, ఏదో ఒక చప్పుడు చేసేదాకా. అడిగే చోటు మీరు వదిలితే కదా, తను అడుగుతుంది."

ఆ మాట భారతీదేవికి అర్థమైంది. అర్థమైనందుకే కష్టంగా అనిపించింది. ఇన్నాళ్లూ పిల్ల కోసం తాను చేయగలిగిన ఒకే ఒక్క పని అది. ఇప్పుడు దానిలోనే కొంత తగ్గించుకోమంటున్నారు.

పద్మిని చెప్పింది మాత్రం తేలికగా ఉంది. సౌందర్యకు చేతికి తడి అంటితే గిట్టదు, అన్నం కూడా ముట్టుకోదు. "ముందు పొడి గింజలతో ఆడనివ్వండి. తర్వాత నానబెట్టినవి. పిండి సంగతి ఆ పైన చూద్దాం. మీకేం మావుసీ, మీ కొట్టు మా ఆటల గది కంటే పెద్దది" అందామె.

భారతీదేవి ఏ పని మొదలుపెట్టినా సగంలో ఆపే మనిషి కాదు. ఆగమన్నారు కాబట్టి ఆగింది. ఒక మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది, సౌందర్య కుండ దగ్గరికి వెళ్లి నిలబడింది. భారతీదేవి గ్లాసు చేత్తో పట్టుకుని "నీళ్లు" అంది. ఆగింది. పిల్ల ఆమె మొహం వైపు చూడలేదు. కుండను చేత్తో కొట్టింది. "నీళ్లు" అని మళ్లీ అని ఆగింది. పిల్ల మొదట మూలిగింది, తర్వాత అరిచింది, తర్వాత తల గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టింది. అయినా భారతీదేవి మేడమ్ చెప్పిన మాట తప్పకూడదని గ్లాసు గట్టిగా పట్టుకునే ఉంది. హేమచంద్ర మెట్లన్నీ రెండంగల్లో ఎక్కి వచ్చాడు.

"ఏటమ్మా ఇది! దాహంతో పిల్ల తల బద్దలుకొట్టుకుంటే గ్లాసట్టుకుని సూస్తా కూకున్నావా?"

గ్లాసు లాక్కుని పిల్లకు తాగించాడు.

"నీల్లివ్వడానిక్కూడా పరీచ్చ పెడతారేటి? ఇంక ఆ సెంటరూ ఒద్దు, ఆ మేడమ్‌లూ ఒద్దు. దుర్గా, ఇన్నావా? రేపట్నుంచి ఎల్లక్కర్లేదు."

అతను కిందికి వెళ్లిపోయాడు. భారతీదేవి పిల్ల నుదుటి మీద బొప్పికి పసుపు రాస్తూ, 'నేను ఏ పని చేసినా అతిగానే చేస్తాను. మౌనమూ అతే, మాటా అతే, ఆగడమూ అతే' అనుకుంది. ఆ సాయంత్రం కోడలి చేత నెంబరు కలిపించుకుని ప్రమోదకు తానే ఫోను చేసింది. జరిగింది దాచకుండా చెప్పింది.

మర్నాడు కేంద్రం నుంచి ఆ ముగ్గురూ ఇంటికే వచ్చారు. సస్మిత వంటింట్లో నేల మీదే భారతీదేవి ఎదురుగా కూర్చుంది.

"తప్పు నాది మావుసీ. ఆగమని చెప్పాను. ఎప్పుడు ఆగకూడదో చెప్పలేదు. దాహం, ఆకలి, నొప్పి, భయం ఉన్నప్పుడు ఆగొద్దు. వెంటనే ఇవ్వండి, ఇస్తూ 'నీళ్లు' అనండి, చాలు. ఆగడం ఆటలో. తనకు సరదా అయిన చోట. అక్కడైనా కొంచెంసేపే, పాప విసుక్కోకముందే ఇచ్చేయాలి."

"అయితే నాను..."

"మీరు నేను చెప్పినట్టే చేశారు. నేను సరిగ్గా చెప్పలేదు. మీతో చెప్పింది ఇంట్లో మిగతావాళ్లకీ చెప్పాల్సింది, అదీ చెప్పలేదు."

పద్మిని ఇల్లంతా తిరిగింది. కుక్కరు కూత పెట్టేముందు పిల్లను డాబా మీదికి పంపేయమంది. పడుకునేముందు దుప్పట్లో గట్టిగా చుట్టి అటూ ఇటూ దొర్లించడం లక్ష్మీదుర్గకు చూపించింది. సౌందర్య కిలకిలమంది. ప్రమోద మాత్రం మేడ మీద ఎక్కువసేపు లేదు. కింద కొట్టులోకి వెళ్లింది. భారతీదేవి టీ తీసుకుని దిగేసరికి, బస్తాల మధ్య ప్రమోద ముక్కాలి పీట మీద కూర్చుని ఉంది. గల్లాపెట్టె వెనక హేమచంద్ర తల వంచుకుని మాట్లాడుతున్నాడు.

"మెట్లెక్కాలంటే బయవేస్తాది మేడమ్. పైకెల్తే నా పిల్ల నన్ను సూడదు. కొట్టులో అయితే పనుంటాది. అందుకని రాత్రయ్యేదాకా ఇక్కడే ఉండిపోతాను." తువ్వాలుతో మొహం ఒత్తుకున్నాడు. "నిన్న మా అమ్మ మీద అరిసేను. అసలు కోపం నా మీదే."

భారతీదేవి టీ గ్లాసులు చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టి పైకి వచ్చేసింది. కొడుకు ఎదురుగా నిలబడి అడిగితే ఆ మాట ఏనాటికీ చెప్పేవాడు కాదు. అడగాల్సిన వాళ్లు అడిగారు, అంతే చాలనుకుంది.

ఆ రోజు నుంచి కొట్టు కాస్త పెందలాడే మూసేస్తున్నారు. దుప్పట్లో చుట్టి దొర్లించే పని హేమచంద్రది అయింది. కేంద్రానికి మళ్లీ వెళ్లడం మొదలైంది. ఇప్పుడు ఒకరు చెప్పింది ఇంకొకరికి తెలుస్తోంది. పద్మిని కొత్త ఆట చూపిస్తే ఆ ఆటలో ఏ మాట అనాలో సస్మిత చెబుతుంది. ఆ వారం ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, నేర్చుకోవాల్సింది తగ్గించేయమని ప్రమోద వాళ్లిద్దరికీ చెబుతుంది. లక్ష్మీదుర్గ గోళ్లు నెమ్మదిగా పెరుగుతున్నాయి.

వానలు మొదలవబోతున్న ఒక సాయంత్రం. డాబా మీద భారతీదేవి పెద్ద ఇత్తడి పళ్లెం పెట్టుకుని, చేటలో పెసలు పోసుకుని కూర్చుంది. చేట ఎత్తి పట్టుకుని "పోస్తున్నా" అని కొన్ని గింజలు పళ్లెంలోకి జారవిడిచింది. జల్లుమని చప్పుడైంది. సౌందర్యకు ఆ చప్పుడంటే ప్రాణం. మెడ పొడుగ్గా చాచి, చెవి పళ్లేనికి దగ్గరగా పెట్టి నవ్వింది. ఇంకోసారి పోసింది. మూడోసారి చేట ఎత్తి పట్టుకుని, పోయకుండా ఆగింది. పిల్ల కళ్లు చేట మీద నుంచి ఆమె మొహం మీదికి వచ్చాయి.

"ఆవు" అంది సౌందర్య.

పిల్ల నోట మాట! భారతీదేవి చేట పక్కన పడేసి, పిల్లను అమాంతం చంకనేసుకుని పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. వీధిలో కూరగాయల బండి పక్కన ఒక ఆవు కాబేజీ ఆకులు నములుతోంది.

"అదిగో అమ్మీ, ఆవు! ఆవు! సూడు నాన్నా, ఎంత పెద్ద ఆవో!"

సౌందర్య ఆవును చూడలేదు. వెనక్కి విరుచుకుపడి కెవ్వుమంది. కాళ్లతో తన్నింది. లక్ష్మీదుర్గ తడి చేతులతోనే మెట్లెక్కి వచ్చింది.

"ఏటయిందత్తయ్యా? ఏటయింది?"

"ఆవు అన్నాదే దుర్గా! నా సెవులారా ఇన్నాను! ఆవు కావాలంటాది కదా అని సూపిస్తే ఏడుస్తాంది!"

పిల్ల ఆమె చంకలోంచి జారిపోయి పళ్లెం దగ్గరికి పరుగెత్తింది. చతికిలబడి, కిందపడ్డ చేటను రెండు చేతులతో పట్టుకుని భారతీదేవి వైపు నెట్టింది. ఇద్దరూ కదలకుండా చూస్తున్నారు.

"ఆఉ" అంది. ఈసారి సాగదీసి, గట్టిగా.

లక్ష్మీదుర్గ పళ్లెం దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏడుపో నవ్వో తెలియని గొంతుతో అంది. "అత్తయ్యా, ఆవు కాదండి. ఆఉ. ఒడియాలో అంటాంది. ఇంకా పొయ్యమంటాంది!"

భారతీదేవి నోరు వెళ్లబెట్టింది. ఆఉ! ఈ బజారులో ఆమె మొట్టమొదట నేర్చుకున్న ఒడియా మాట అదే. తూకం అయ్యాక చెయ్యి చాపి ఇంకాస్త వెయ్యమని అడగని మనిషి ఈ కొట్టు గడప తొక్కాడా?

"ఓలమ్మో! కొసరు అడుగుతాందే! కోమటింటి పిల్ల, కొసరడుగుతాంది!" అని నుదురు కొట్టుకుని నవ్వింది. నవ్వుతూనే చేట నిండా పెసలు తీసి పోసింది. సౌందర్య మళ్లీ అంది. మళ్లీ పోసింది. పళ్లెం పొంగి గింజలు డాబా అంతా దొర్లాయి. తెలుగులో మాట్లాడాలా ఒడియాలో మాట్లాడాలా అని ఇంటిల్లిపాదీ ఇన్నాళ్లు తలలు బద్దలుకొట్టుకుంటే, పిల్ల తనకు పనికొచ్చిన మాట తానే ఏరుకుంది. కేంద్రంలో ఉయ్యాల ఊపేటప్పుడు సస్మిత అనే మాట అదేనట. తర్వాత తెలిసింది.

సస్మిత సంతోషించింది కానీ ఆకాశానికి ఎత్తలేదు. "ఇది మొదలు. రేపు అనకపోవచ్చు. ఎల్లుండీ అనకపోవచ్చు. కంగారు పడొద్దు" అంది. అలాగే జరిగింది. తర్వాత చాలా రోజులు పిల్ల నోరు విప్పలేదు. వానాకాలం నడిమికి మళ్లీ విప్పింది. "రా" తెలుగులో వచ్చింది, వద్దనడానికి "నా" ఒడియాలో వచ్చింది, నీళ్లు "నీయు" అయ్యాయి. కొన్ని రోజులు మంచివి, కొన్ని కావు. లారీ హారను మోగితే ఇప్పటికీ చెవులు మూసుకుంటుంది, కాకపోతే నేల మీద దొర్లకుండా నాన్న దగ్గరికి పోయి అతని పొట్టలో తల దూరుస్తుంది. వచ్చే ఏడు బడిలో చేర్చే ముందు ఆ బడి టీచరుతో తామే వచ్చి మాట్లాడతామని కేంద్రంవాళ్లు మాటిచ్చారు.

దసరా వెళ్లాక ప్రమోద పట్టుబట్టి లక్ష్మీదుర్గను పాత్రపూర్‌లో ఉన్న అక్కగారింటికి పంపించింది. పిల్ల పుట్టాక ఆమె ఒంటరిగా ఊరు దాటడం అదే మొదలు. బస్సెక్కేటప్పుడు అత్తగారికి వంద జాగ్రత్తలు చెప్పింది. "ఎల్లమ్మా, ఎల్లు. మీం మనుసులం కాదేటి? ఫోను సెయ్యకు, పడుకో" అంది భారతీదేవి. మొదటి రోజు పిల్ల అమ్మ గది తలుపు దగ్గరే కూర్చుని అన్నం ముట్టలేదు. హేమచంద్ర పక్కనే పళ్లెం పెట్టుకుని తానూ తినకుండా కూర్చున్నాడు. చీకటి పడ్డాక ఎప్పుడో, పిల్ల అతని పళ్లెంలోంచి నాలుగు మెతుకులు తన వేళ్లతోనే తీసుకుని నోట్లో వేసుకుంది. అతను కదిలితే ఎక్కడ మానేస్తుందోనని కాలు తిమ్మిరెక్కినా కదలలేదు.

రెండు రోజులకు లక్ష్మీదుర్గ తిరిగొచ్చింది. నిద్ర పట్టిన మొహం తేటగా ఉంది. మెట్లెక్కుతూనే "సౌందర్యా" అని పిలిచి, పైమెట్టు మీద ఆగిపోయింది. పిల్ల హాలు మధ్యలో నిలబడి తల్లిని చూసింది. పరుగెత్తి రాలేదు. దగ్గరికి వచ్చి చీర కొంగు ముక్కుకు ఆనించి వాసన చూసింది. వేరే ఇంటి సబ్బు వాసన కాబోలు, మొహం చిట్లించింది. లోపలికి వెళ్లిపోయింది. లక్ష్మీదుర్గ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి సౌందర్య దువ్వెన పట్టుకుని వచ్చింది. తల్లి ముందు దాన్ని నేల మీద పెట్టి, వీపు తిప్పి కూర్చుంది. కూర్చుని ఎదురుచూసింది.

లక్ష్మీదుర్గ ఏమీ తోచక అత్తగారి వైపు చూసింది. 'జడ వెయ్యమంటాందే' అనే మాట భారతీదేవి నోటిదాకా వచ్చింది. వచ్చిన మాటను అక్కడే ఆపుకుంది. కింద కొట్టులో పనుందని గొణుక్కుంటూ, మెట్ల కమ్మీ పట్టుకుని, తల్లీకూతుళ్లను వాళ్ల మానాన వదిలి దిగి వెళ్లిపోయింది.